తాలు కాయలు

మంచు ఆరాకే కొయ్యాలి నిమ్మగడ్డిని.
ఎవరూ చెప్పలేదు నాకు,
రెండు కోతలు పాడుచేసుకుని నేర్చుకున్నాను.
మధ్యాహ్నానికి చేబ్రోలు దాటిన పొలం గట్టు మీద
ఇనప డ్రమ్ములో వంద కిలోల గడ్డి,
కింద కందికంప మంట.
ఆవిరి గొట్టం చన్నీళ్ళ తొట్టిలో మెలికలు తిరిగి
చివరికి ఒక్కో చుక్క.
వందకి అర కిలో.
ఆ అర కిలో బరువెంతో
డ్రమ్ము చుట్టూ తిరిగిన కాళ్ళకి తెలుసు.

ఆటో దిగి వచ్చింది కోటిరత్నం.
గుంటూరు మిర్చి యార్డు వెనక కోల్డ్ స్టోరేజీలో
పదకొండేళ్ళుగా తాలు కాయలేరుతోంది.
తెల్లబడ్డది ఈ పక్క, ఎర్రది ఆ పక్క,
మూతికి కొంగు మూడు చుట్లు.
"అన్నా, నా ముక్కు సచ్చిపోయింది" అంది,
వీధి చివర ఎవరో పోయినట్టు, మామూలుగా.
"పెరుగు పులిసినా తెలీట్లా.
మొన్న పప్పు మాడితే పొగ చూసి పరిగెత్తా.
నీ కాడ మందుందంటగా."

మందని నేను అనను.
పెద్దాసుపత్రిలో చూపించుకోమన్నాను.
చూపించుకుందట.
"దుమ్ములో పని మానెయ్యమన్నాడు."
కాసేపు ఇద్దరం
మంట వైపు చూస్తూ కూర్చున్నాం.

తర్వాత ఈతాకు చాప పరిచి సీసాలు దించాను.
వాము నూనె. కడుపుబ్బరానికి మా నాయనమ్మ
దీని తర్వాతే దేవుణ్ణి తలిచేది.
"సెగలా తగిలింది, వాసన కాదు."
నీలగిరి తైలం.
"చల్లగా పోయింది లోపలికి. అంతే."
వట్టివేరు, వేసవి తడికెల మీద నీళ్ళు చల్లినప్పటిది.
తల అడ్డంగా ఊపింది.
మరువం.
"పచ్చగా ఉంటది కదూ?" అంది,
జవాబు తెలియని పిల్ల టీచరు మొహం చూసినట్టు.
దవనం దగ్గర కళ్ళు మూసుకుంది చాలాసేపు.
"మా ఆయన కనకాంబరాల్లో కట్టించి తెచ్చేవాడు.
ఆయన గుర్తొస్తన్నాడు గానీ
వాసన రావట్లా."

మూతలు బిగిస్తుంటే అడిగింది:
"ఇంతకీ నీ గడ్డి ఎట్టా ఉంటదన్నా?"
చెబుదామని నోరు తెరిచాను.
నా అరచేయి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
చొక్కా ఎత్తి చూశాను.
ఆరేళ్ళుగా ఈ ఆవిరిలోనే ఉన్నాను నేను.
నేనింటికొస్తే గేటు దగ్గరే తెలుస్తుందంటుంది మా పిల్ల.
నాకేమీ లేదు అక్కడ,
గోడకి కొట్టిన సున్నంలా తెల్లగా, ఖాళీగా.

చెమట తుడుచుకోవడానికి ఆమె కొంగు విప్పింది.
అంతే, వరసగా ఐదు తుమ్ములు నాకు.
కళ్ళు, గొంతు, చెవుల్లో కూడా మిరపకాయ.
నవ్వింది కోటిరత్నం,
నవ్వు సగంలో దగ్గయింది, మళ్ళీ నవ్వయింది.
"నా ఒంటి మీద అంతుందా?" అంది ఆశ్చర్యంగా.

నీలగిరి చిన్న సీసా ఒకటిచ్చాను.
వేడి నీళ్ళలో రెండు చుక్కలు, మూడోది వద్దు.
ఒంటికి నేరుగా పూయకు, పిల్లలకి అందనివ్వకు.
డబ్బులు తర్వాత, సీసా మాత్రం తిరిగి తెచ్చివ్వు,
గాజు ఖరీదైపోయింది.

పది రోజులకి ఫోను.
"పొద్దున కాకరకాయ తరుగుతుంటే
ఏదో వచ్చినట్టుంది అన్నా.
కాదేమోలే."
వెనకాల కాయలు దొర్లుతున్న చప్పుడు,
ఎవరో తుమ్మడం.

ఫోను జేబులో పెట్టి డ్రమ్ము మూత తీశాను.
ఆవిరి మొహాన కొట్టింది.
కాలింది, అదొక్కటే తెలిసింది.