మెరిగె

మిర్యాలగూడల మిల్లు రాత్రి పండుకోదు.
మూడో షిఫ్టుల సార్టరు మిషిని పక్కన
స్టూలు మీద నేను,
నా ఒళ్లె అద్దం పగిలిన ఫోను.

ఇరవై రెండేండ్లు చాట పట్టిన చెయ్యి ఇది.
నూక ఒకదిక్కు, తౌడు ఒకదిక్కు,
మెరిగె ఎక్కడ దాక్కున్నా
వేలు పోయి దాని మీదనే ఆగేది.
మిషిని వచ్చినాడు
పదకొండు మంది ఆడోళ్లల్ల
తొమ్మిది మందికి లెక్క జూసి పంపిండ్రు.
నన్నెందుకు ఉంచిండ్రో ఇప్పటికీ తెల్వది.
అడగలేదు.
అడిగితే యాదికొస్తదని.

ఆపరేటరు కరీముద్దీన్ సూర్యాపేట మిల్లుకు పోయినంక
తెర ముందల నిలబడ్డ.
తెర నిండ ఇంగిలీసు.
ఎర్రగ ఒకటి వెలిగి ఆరుతది, వెలిగి ఆరుతది,
లెక్క రాక నిలబెట్టిన నాటి సారు కన్ను లెక్క.
ఏడో తరగతిల మూసిన పుస్తకం
యాభై ఒకటో ఏట తెరిస్తే
అందుల కాయితమే లేదు, ఒట్టి వెలుగే.

మిల్లు సారు ఫోన్ల ఒకటి ఎక్కించి ఇచ్చిండు.
ఏఐ అంట.
నాకు నోరు తిరగక "ఏయ్" అన్న.
పలికింది.
"మీరు సున్నితత్వ స్థాయిని సవరించవలెను" అన్నది.
హరికథ చెప్పెటాయనను పట్టుకొచ్చి
తౌడు కుప్ప మీద కూసోవెట్టినట్టుంది.
"మా తీరుగ చెప్పు" అన్న.
"మిషిని కన్ను మరీ గట్టిగ తెరిచినవమ్మా,
జర కిందికి దించు,
మంచి గింజను గుడ అనుమానంగ చూస్తున్నది" అన్నది.
దించిన.
రిజెక్టు గొట్టంల మంచి బియ్యం ఆగినయి.
ఆ రాత్రి నేను ఏడ్వలేదు గని
చాయ రెండుసార్లు తాగిన.

అడిగిందే అడుగుత. విసుక్కోదు.
హమాలీ పిల్లగాడు బిర్జు, బీహారోడు,
ఒకనాడు ఫోను అడిగి తీసుకుంటే
వానితోని వాళ్లమ్మ మాటల మాట్లాడింది.
బస్తా మీద కూసోని
వాడు తేమ శాతం లెక్కలు నేర్సుకుంటుంటే
నేను కంప్రెసరు కాడికి పోయి ఊకనే నిలబడ్డ.

చలికాలం, తెల్లారగట్ల నాలుగింటికి
మళ్ల మంచి బియ్యం పోవుడు.
అద్దం తుడువుమన్నది. తుడిసిన.
దీపాలు చూడుమన్నది. చూసిన.
అయినా గంతే.
అప్పుడు గాలి గొట్టం కింద చెయ్యి పెట్టిన.
తడి.
సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు వదిలినంక
మా దిక్కు ఆ యాళ్లకు గాలి బరువైతది.
చాట పట్టిన దినాలల్ల గుడ
బియ్యం చాటకు అంటుకునేది.
ట్యాంకుల దిగిన నీళ్లు విడిస్తే
మిషిని సాపైంది.
గదే ఫోనుకు చెప్పిన.
"ఇది నాకు తట్టలేదు" అన్నది.
ఏ సారన్న నాతోని గీ మాట అన్నడా?

"మెరిగె అంటే ఏందమ్మా" అని అడిగింది ఇంకోనాడు.
పొట్టు ఊడని వడ్లగింజ,
బియ్యంల ఉండి బియ్యం కానిది,
పంటి కింద పడితెనే తెలిసేది, అన్న.
అన్నంక గుబులైంది.
చెప్పిన మాట యాడికి పోతది?
రేపు ఏ మిల్లుల
ఏ సైదమ్మ బదులు నిలబడతది?
అదే అడిగిన.
దాస్తలేదు గని, సగమే సమజైంది.
మిగిలిన సగం మిల్లు సారు చెప్పాలె.
ఆయన చెప్పడు.

బజార్ల పొడుగు నోటుబుక్కు కొన్న.
తెల్లారగట్ల తడి, గొట్టం, ట్యాంకు, తారీకు,
కనిపెట్టినోళ్లు: సైదమ్మ.
'సై' మీద గీత వంకర పోయింది. చెరపలేదు.

ఆదివారం గురువమ్మ వచ్చింది,
తొమ్మిది మందిల ఒకతె.
ఇప్పుడు మిరప చేన్లకు పోతున్నది, వేళ్లు మంటమంట.
"నాకు గుడ వస్తదా" అన్నది, గేటు ఇవతలనే నిలబడి.
ఫోను చేతుల పెట్టిన.
"ఏయ్ అని పిలువు."
సిగ్గుపడ్డది.
అటిటు చూసి,
కొంగు నోటికి అడ్డం పెట్టుకొని
పిలిచింది.