ఏడున్నర గ్రాములు

సోమవారం మాంతువాలో పని.
సోమవారం మాంతువా రాజభవనానికి సెలవు.
మా ఆఫీసులో ప్రయాణాల పట్టిక వేసే తార్చీసియో
ఈ రెండో వాక్యం ఏనాడూ చదివిన పాపాన పోలేదు.

నా కుడిచేతిలో పెట్టె, పెట్టెలో తూకపురాళ్లు.
ఊరూరా తిరిగి త్రాసుల్ని నిజం చెప్పించడం నా ఉద్యోగం.
పదకొండేళ్లుగా కుడిభుజం ఎడమదానికంటే
వేలెడు కిందికి జారింది.
దాన్ని సరిచేసే ఇన్‌స్పెక్టరు ఇంకా రాలేదు.

గుమ్మడికాయలమ్మే దొరీనా త్రాసు
కిలోకి పన్నెండు గ్రాములు ఎక్కువ చూపిస్తోంది.
"నాకేం తెలుసు, అంతా చెరువు గాలి" అంది,
గాలిని కూడా గుమ్మడి లెక్కన అమ్మేసినట్టు.
ముల్లు సున్నా మీదికి తెచ్చి, చీటీ అంటించి,
మూసిన రాజభవనం దాకా నడిచాను.
పక్కతలుపు తాళం కన్నానికి కన్ను ఆనించాను.
సగం స్తంభం. తడి గచ్చు.
బకెట్టు మీద ఆరేసిన గుడ్డ.
నేను చూసిన మాంతువా అదే.

మంగళవారం ఫెరారా, ఆస్పత్రి.
అప్పుడే పుట్టినవాళ్లని తూచే త్రాసులు ఆరు.
మూడు కిలోల ఉక్కురాయిని మెల్లగా తొట్టిలో పెట్టాను.
నర్సు ఇలారియా ఎటో చూస్తూ ఎవరితోనో మాట్లాడుతూనే
అలవాటుకొద్దీ చెయ్యి అడ్డం పెట్టింది,
రాయి దొర్లి పడిపోతుందేమోనని.

తర్వాత కోట చూశాను. చుట్టూ పచ్చటి నీళ్లు,
గంట మోగిస్తూ సైకిళ్లు.
తీసిన నాలుగు ఫొటోల్లోనూ నా బొటనవేలే ఉంది.
ఫెరారా ఎలా ఉందని ఎవరైనా అడిగితే
ఆ అడ్డం పెట్టిన చెయ్యే గుర్తొస్తుంది.

బుధవారం రవెన్నా. చేపల త్రాసులు,
ఒంటినిండా ఉప్పు వాసన.
రైలుకి యాభై నిమిషాలుంది.
సందు చివర చిన్న చర్చి, గుమ్మంలో కాపలావాడు.
"పెట్టెలో ఏముంది?"
"బరువు."
నవ్వలేదు. తెరిచి చూపించాల్సొచ్చింది.

లోపల చీకటి. గోడకి ఇనప డబ్బా.
యూరో వేస్తే రెండు నిమిషాలు దీపం.
వెనక బెంచీ మీద ఎవరో దగ్గారు.
నెవియోట, ఒకప్పుడు రేవులో మూటలు మోసేవాడు.
"రోజూ వస్తాను. నేను మాత్రం నాణెం వెయ్యను.
ఎవరో ఒకరు వేస్తారు."

వేశాను.
పైకప్పంతా ఒక్కసారి ఒళ్లు విరుచుకుంది.
నీలం, బంగారం, మళ్లీ నీలం,
గోరంత గాజుముక్కల గొర్రెలు,
అంచున ఒక బాతు, దాని కాలి దగ్గర ముక్క ఊడిపోయి.
"ఆ బాతుకి కుడికన్ను పెద్దది, చూడు" అన్నాడు,
మనవరాల్ని చూపించినట్టు.

టక్కుమని ఆరిపోయింది.
లేవబోయాను.
"కూర్చో. ఇప్పుడు చూడు" అన్నాడు.
చీకట్లో, కళ్ల లోపల, బంగారం ఇంకా కాసేపు ఉంది.
"ఇది ఊరికే."

అయిదూ నలభై రైలు వెళ్లిపోయింది.

ఆఫీసులో ఫియొరెన్సా నా ఖర్చుల కాగితం మీద
పెన్నుతో పొడిచి అడిగింది:
"రవెన్నా, ఒక యూరో. రసీదేది? దేనికి?"
ఒక యూరో నాణెం ఏడున్నర గ్రాములు,
అంతవరకు ఒట్టేసి చెప్పగలను.
మిగతాది ఏ గడిలో రాయాలో తెలీక
'వెలుతురు' అని రాశాను.
కొట్టేసింది.
తప్పు పట్టను. ముల్లు ఒక్క గీత పక్కకుంటే
నేనూ చీటీ అంటించను.

వచ్చే ఏటి పట్టిక వచ్చింది.
మాంతువా మళ్లీ సోమవారమే.
తార్చీసియోని ఏమీ అనలేదు.
ఈసారి తాళం కన్నం వెతుక్కోనక్కర్లేదు,
ఎంత వంగాలో తెలుసు.