రెండు మెట్లు కిందికి

డెబ్బై నాలుగో ఏట ఆర్లో టిబెట్స్
కొత్త పాటలన్నిటికీ శ్రుతి దించాడు.
వెర్మాంట్‌లో, మేపుల్ రసం కాచే పాకలో రికార్డింగ్.
చూరు నుంచి మంచు కరిగి చుక్కలు.

మూడో పాట నడుమ
ఊపిరి గరగరమంది.
"కోసేద్దామా?" అంది హెడ్‌ఫోన్స్ పిల్ల.
"ఎంతసేపుంది?"
"రెండు సెకన్లు."
"ఉండనీ. నేను కూర్చోడానికి
ఎక్కడో చోటు కావాలిగా."

ఉంగరపు వేలు వంగదు.
అది నొక్కాల్సిన తీగ
తన ఇష్టానికి మోగుతోంది.

ఒకప్పుడు రైళ్ల మీద, పారిపోవడాల మీద కట్టేవాడు.
ఇప్పుడు ఇంట్లో మేడమెట్లు పదమూడని కట్టాడు.
తొమ్మిదో మెట్టు మీద ఆయాసం తీర్చుకుంటూ
పక్కవాళ్ల గుర్రాన్ని చూస్తాడట.
ముప్పై ఏళ్లుగా
అక్కడో కిటికీ ఉందనే తెలీదట.

గుర్రం మాత్రం తలెత్తదు,
మేస్తూనే ఉంటుంది.
పాట అక్కడితో ఆపేశాడు.