చన్నీళ్ల చేప

కొళత్తూరు చేపల అంగట్లో
నూట ఇరవై పెట్టి కొన్నాను ఈ థర్మామీటరు.
"ఏ చేపకమ్మా?" తమిళంలో అడిగాడు.
ఒక్కటే, దానికి ఐదు వేళ్లుంటాయి, అనబోయి
"గోల్డ్ ఫిష్" అన్నాను.
"అది చన్నీళ్ల చేప, దానికిదెందుకు?" అన్నాడు
చిల్లర మాత్రం ఇచ్చేస్తూ.

మెడనొప్పి అని ఎగ్మూరు వెళితే
ఫిజియోథెరపీ ఎస్తేరు మెడ వదిలేసి
నా చేతులు పట్టుకుంది.
"ఇవేంటి, ఫ్రిజ్‌లోంచి తీసిన బెండకాయల్లా!
ఎలా ఉన్నావంటే బాగున్నానంటావు.
నిన్ను కాదు, వేలి కొసని అడగాలి."
భయపడిన నెత్తురు నట్టింట్లోకి పారిపోతుందట.
గుమ్మం దగ్గర ఎవరూ ఉండరట.

పెరుంగుడిలో ఆరో అంతస్తు, తెలుగు డెస్కు.
అక్కడ నా పేరు ప్రియ.
ఏసీ పద్దెనిమిది. ఎదురుగా జాబితా:
కదిరి, తణుకు, మిర్యాలగూడ, పలాస.
ఎన్నడూ చూడని ఊళ్లు
నా గొంతు వినగానే సిగ్నల్ లేదంటాయి.
కంతు ఎప్పుడు కడతారు సార్
కంతు ఎప్పుడు కడతారు మేడం
ఎడమ చూపుడు వేలికి ప్లాస్టరుతో అంటించిన తీగ,
కీబోర్డు పక్కన అగ్గిపెట్టంత డబ్బా.
ఇరవై ఆరు పాయింట్ నాలుగు.

మొదటి వారమంతా దాంతో కొట్లాట.
వెచ్చబడు, వెచ్చబడు అని
నా వేలికే వసూలు ఫోను చేశాను.
గడువు పెట్టాను. బెదిరించాను.
ఇరవై అయిదుకి దిగింది.
బాకీదారులందరిదీ ఒకటే బుద్ధి.

ఎస్తేరు పడీ పడీ నవ్వింది.
"లాగకు. నాలుగు లెక్కపెడుతూ పీల్చు,
ఆరు లెక్కపెడుతూ వదులు.
భుజాలకి చెవుల దగ్గరేం పని? దింపు.
పళ్లు విడదియ్యి.
చెయ్యి బరువు, చెయ్యి వెచ్చన, అనుకో.
ఆజ్ఞలా కాదే పిల్లా,
పసిబిడ్డ నిద్రపోతుంటే పక్కన మాట్లాడుకున్నట్టు."

వేళచ్చేరి హాస్టల్లో కరెంటు పోయిన ఒక రాత్రి
కింద నీళ్ల లారీ రివర్సు పాట పాడుతుంటే
ఊరికే కూర్చున్నాను.
సూళ్లూరుపేట బజారులో నాయన ఇస్త్రీ బండి.
బడికి పోయే ముందు, మంచు వేళ,
అప్పుడే మడిచిన చొక్కాల దొంతర మధ్య
చేతులు దూర్చుకునేదాన్ని.
"మడత నలుగుద్ది" అనేవాడు, తియ్యమనేవాడు కాదు.
సెల్‌ఫోను వెలుతురులో చూస్తే
ముప్పై మూడు.
ఎవరికి చెప్పను ఆ అర్ధరాత్రి?

మంగళవారం, కదిరి నుంచి మస్తాన్ వలి.
మోటారు సైకిలు, రెండు కంతులు బాకీ.
"సార్, ఈ కాల్ రికార్డు అవుతుంది" అన్నాను.
ఆయన మాట మొదలుపెట్టి ఆపేశాడు.
చెవుల్లో ఊపిరి మాత్రమే,
మెట్లెక్కుతూ పరిగెత్తుతున్న ఊపిరి.
మౌనాన్ని పూరించాలని మాకు శిక్షణ.
నేను పూరించలేదు.
నాలుగు. ఆరు. నాలుగు. ఆరు.
కాసేపటికి ఆ ఊపిరి
నా ఊపిరి వెనకాలే మెట్లు దిగుతున్నట్టనిపించింది.
లైను ప్రతిధ్వని కూడా కావచ్చు.
"ఉండావామ్మా?" అన్నాడు.
"ఉండా" అన్నాను.
ప్రియ కాదు అన్నది, సూళ్లూరుపేట.
"పదో తేదీకి సగం కడతా."
రాసుకున్నాను.
డబ్బా వైపు చూడటం మర్చిపోయాను.
చూసేసరికి ముప్పై ఒకటి, దిగుతోందో ఎక్కుతోందో.

శుక్రవారం మార్కుల పట్టీ:
నిశ్శబ్దం, నలభై ఒక్క సెకన్లు, మైనస్ అయిదు.
టీమ్ లీడరు ఇళవరసన్ వంగి చూశాడు:
"ఏమిటీ తీగ?"
చేప బతికుందో లేదో చూసుకుంటున్నా, అన్నాను.
జోకనుకున్నాడు.

తరవాతి కాల్ పలాస, మళ్లీ ఇరవై ఏడు.
అంకెలు మసకబారుతున్నాయి, బ్యాటరీ కాబోలు.
ఆదివారం కొళత్తూరు పోవాలి.
ఈసారి అడిగితే చెప్పడానికి
వెచ్చని నీళ్ల చేప పేరొకటి కనుక్కోవాలి.