లంగరు ధర

పెబ్బేరు సంతల ఎద్దును కొంటే పండ్లు చూస్తరు.
పడవకేం చూడాల్నో నాకెవరు జెప్పిన్రు?
అమరగిరి రేవుల, పొద్దింక సగం నీళ్లల్లనే ఉండంగ,
పొట్టకింద చెయ్యివెట్టి తడిమిన.
మద్ది చెక్క. సందుసందుకు పీచు కుక్కి
గుగ్గిలం కాచి పోసిండ్రు.
ఒక్కకాడ మాత్రం గోరు దిగింది.

"గీడ మెత్తగున్నది" అన్న.
"పద్నాలుగేళ్లయింది మరి. ముసిలోడి సిగురు
గట్టిగెలా ఉంటాది?" అన్నడు గనగళ్ల పోలయ్య.
సముద్రం ఉప్పు ఇంకా కరగని మాట ఆయనది.
భీమిలి దిక్కు నుంచి వలలతోని లారీ ఎక్కొచ్చి
మా కృష్ణల చేపలు పట్టి, మా ఒడ్డున గుడిసేసి,
ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తే
తిరిగి పోతనని అన్నీ ఒడ్డుమీద పరిచిండు.
పడవ, తెరచాప, రెండు తెడ్లు, వెదురు గడ,
నీళ్లు తోడే డాల్డా డబ్బ.

"లంగరేది?"
"నంగరు నేదు."
అంతే. ఇంకేం చెప్పలే.

ముప్పై ఎనిమిది వేలన్నడు.
నా కొంగుల సంఘం లోను ముప్పై.
దాంట్ల కూడా అయిదు నూర్లు ఆపుకోవాలె,
కొత్త పడవకు కోడిని కొయ్యకుంటే ఎట్ల?

చాప విప్పి చూపమన్న.
యూరియా సంచులు కత్తిరించి కుట్టింది.
ఒకదాని మీద తలకిందులుగ
నలభై ఐదు కిలోలు అని రాసుంది.
నల్లమల దిక్కు నుంచి ఒక్కసారి తోసుకొచ్చింది,
నిజంగనే నలభై ఐదు కిలోల గాలి.

నలుగురు మూగిన్రు. ధర అందరికెందుకు?
సంతల తువ్వాల కింద వేళ్లు పట్టుకుంటరు గదా,
చాప కొనను ఇద్దరి చేతుల మీదికి గుంజిన.
ఆయన అరచేతిల మోకు కోసిన గీత.
నాది కొడవలి గీత.
ఆయన వేళ్లు చాపితే నేను ముడుస్తున్న,
మా మరిది దగ్గిండు. దగ్గనియ్.
ముప్పై రెండుకాడ ఆ చెయ్యి రాయైంది.

"నడిపి చూసి మాట్లాడుదం" అన్న.

చుక్కాని నా చేతికిచ్చిండు.
ఒడ్డు దూరమైంది, కుక్కల మొరుగు సన్నబడింది.
పడవ ఎటు పోవాల్నో నాకు తెలవదు గని
పడవ కింద ఏమున్నదో తెలుసు.
డ్యాము నీళ్లొచ్చిన ఏడు నాకు ఎనిమిదేండ్లు.
ఆ ఒంటి గుట్టను ఎడమ భుజానికి పెట్టుకుంటే
కింద మా పల్లిచేను,
సర్వే నెంబరు నూట పదహారు.
"ఈడ లంగరెయ్యొద్దు పోలయ్యా,
కింద మా మోటబాయి. దరిరాళ్లకు చిక్కుతది."

ఆయన తెడ్డు ఆపిండు.
"ఎనిమిదేళ్ల కిందట, గాలోన రాత్రి,
ఈడే నా నంగరు చిక్కడిపోనాది.
మోకు కోసీసినాను.
కింద ఏటి పట్టుకుందో ఇన్నాళ్లూ తెలీనేదు."

ఏడుపు రావాల్నేమో. నవ్వొచ్చింది నాకు.
"అయితే నీ లంగరు మా నాయన బాయిల ఉన్నది.
మా జాగల పడ్డది మాదే.
పో, ఎనిమిదేండ్ల కిరాయి అడగను."

ఆయన నవ్వలే.
గాలి పడిపోయింది, చాప కొయ్యను అంటుకుంది.
చాలాసేపు నీళ్లలోకే చూసిండు,
రూపాయి జారవిడిచినోని తీరు.
"ఇరవై తొమ్మిదిన్నర" అన్నడు ఆఖరికి,
వేళ్లు లేవు, చాప కప్పు లేదు, నోటితోనే.

ఒడ్డున డబ్బులు రెండుసార్లు లెక్కపెట్టుకుండు.
పడవను ఒక్కసారి కూడా ముట్టలే.
"మెత్తటి సెక్క మీద కాలెయ్యకు" అని మాత్రం అని
సంచి భుజానేసుకొని గట్టెక్కిండు.

మాపటికి ఒక్కదాన్నే బయలెల్లిన.
ఆ మెత్తటికాడ నీళ్లు ఊరినయ్.
డాల్డా డబ్బతోని తోడి పోస్తుంటే యాదికొచ్చింది,
ఒక్క తడి నీళ్ల కోసం
మా నాయన రెండెడ్లను, దేవున్ని, ఆ బాయిని
పొద్దంత తిట్టిన చేను ఇది.
ఇంకో డబ్బ ముంచిన.
పోసిన.