ఏడో మోత

అటకామా ఎడారి. రాత్రి రెండుంబావు.
నోల్బెర్తో టీ కప్పు ఇంకా పెదవి దాకా తేలేదు,
గోడ మీది ఫోను మోగింది.
పైన ఏదో ఉపగ్రహానికి గామా కిరణాలు తగిలాయట,
ఇరవై సెకన్లు. అంతే.
"గోపురం తిప్పు."

తిప్పాడు. పాత ఇనుము మూలిగింది.
తెర మీద పొడుచుకొచ్చిందొక చుక్క,
పాత పటంలో ఎక్కడా లేనిది.

మర్నాటికి సగం. ఆ మర్నాటికి అందులో సగం.
వారం తిరిగేసరికి వెతుక్కోవాల్సి వచ్చింది.
డాక్టర్ ఫ్రెసియా మాత్రం
రోజూ ఆ చోటే చూపించమంటుంది,
తీరిపోయిన అప్పుకి వడ్డీ అడిగినట్టు.

అతని తండ్రి రాగి గనిలో మందుగుండు కూరేవాడు.
వత్తులు ముట్టించి, మలుపు వెనక చేరి
వేళ్ల మీద లెక్కపెట్టేవాడు.
ఏడు వత్తులకి ఆరే మోతలు వినబడితే
ఎవడూ లోపల అడుగు పెట్టకూడదు.
ఇంకో మాట కూడా చెప్పేవాడు:
సొరంగం నోటికి ఎదురుగా నిలబడకు.
కూలేది కొండంతా,
నిప్పు దూకేది దారి దొరికిన వైపే.
పక్కన కట్టేసిన కంచరగాడిద
మేత కూడా మానదు.

పదకొండో రాత్రి
తగ్గాల్సిన వెలుగు తగ్గలేదు.
పన్నెండో రాత్రి పెరిగింది.
నోల్బెర్తో ముందు కళ్లజోడు తుడుచుకున్నాడు,
తర్వాత కెమెరాని అనుమానించాడు.

ఫ్రెసియా వర్ణపటం పరిచింది.
నిటారు గీతలు లేవు, వెడల్పాటి మిట్టలూ పల్లాలూ.
"నక్షత్రమే ఇది. మహా బరువైనది.
నడుము విరిగి తనలోకి తనే కూలింది,
కూలుతూ రెండు వైపులా ఈటెలు విసిరింది.
ఒక దాని మొన సూటిగా మనకేసి.
ఆ రాత్రి వచ్చింది మొన.
ఇప్పుడు వస్తున్నది ఒళ్లు."

రెండు వందల కోట్ల ఏళ్ల దూరం.
అయినా అతను కుర్చీ కాస్త పక్కకి జరుపుకున్నాడు.
మన వైపు నోరు తిరగని సొరంగాలెన్నో ఆకాశంలో,
వాటి దుమ్మే తప్ప మెరుపు మనకి తెలియదు.

ఒకసారి ఆరు దగ్గర ఆగాడు తండ్రి.
మేస్త్రీ బూతులు తిట్టినా కదల్లేదు,
రాత్రంతా గని బయట రాయి మీదే కూర్చున్నాడు.
తెల్లారుజామున పేలింది ఏడోది.
మేస్త్రీ ఏమీ అనలేదు,
తన సిగరెట్ పెట్టె అతని ఒళ్లో పెట్టి వెళ్లాడు.

ఇదంతా ఫ్రెసియాకి చెప్పలేదు నోల్బెర్తో.
రిజిస్టరు తెరిచి రాశాడు:
సమయం. ఆకాశం నిర్మలం. ఉత్తరపు గాలి.
తర్వాత పెన్సిలు తీసుకుని
అంచున, చిన్నగా:
ఏడు.