పదకొండు పాయింట్ తొమ్మిది

పెండ్లిళ్లకు కిరాయికి తిరిగిన పాత తుఫాన్ బండి.
ఎనుక సీట్లు పీకిచ్చి
మంచమంత చెక్క కొట్టిచ్చిండు ఈయన.
కింద రెండు బ్యాటరీలు,
పైన మేమిద్దరం.

ముప్పై రెండేండ్లు భూపాలపల్లి బొగ్గుబాయిల చేసి
రిటైరైన పైసలతోటి
ఎవలన్న ఇల్లు కడుతరు.
ఈయన మడతపెట్టే సోలార్ పలకలు కొన్నడు.
సూట్‌కేసు లెక్క తెరిస్తే రెండు నల్లటి అద్దాలు,
నిలవెట్టెతందుకు ఇనుప కాళ్లు.

తాడ్వాయి దాటినంక అంతా అడవే.
తీగెలు లేవు, స్తంభాలు లేవు.
పొద్దు ఎటు పోతే అటు
పలకలు మోసుకొని తిరుగుతడు,
మేతకు మేక గుంజ మార్చినట్టు, గంటకోసారి.
"జరగవే, నీ నీడ పడుతుంది" అంటడు.
ఒక్క టేకాకు నీడ పడ్డా సగం కరెంటు పోతదట.
నలభై ఏండ్ల సంసారంల
నా నీడ మీద ఈయన కన్ను పడుడు ఇదే మొదలు.

దుమ్ము తుడిచేది మాత్రం నేనే, కొంగుతోటి.
మీటర్ చదువుడు ఈయన పని:
ఐదు ఆంపులు. ఐదున్నర. మబ్బొచ్చింది, ఒకటి.
మొఖం గూడ గట్లనే ఎక్కుడు, దిగుడు.

పొద్దుమూకంగ ఈసం ముత్తక్క వచ్చింది,
నెత్తి మీద గంప, చేతుల టార్చిలైటు.
"తెల్లారక ముందే ఇప్పపువ్వు ఏరాలె,
ఎలుగు గూడ గప్పుడే వస్తది."
గంతే అన్నది.
ఈయన టార్చికి వైరు పెట్టిండు.
దాని ఎనుక ఇంకో నాలుగు టార్చిలొచ్చినయి,
ఆరు ఫోన్లు,
పాటల డబ్బా ఒకటి.
ఒక్కదాన్ని గూడ కాదనలే.

రాత్రి పది. పదకొండు పాయింట్ తొమ్మిది.
ఫ్యాన్ బందైంది.
ఉక్కపోత, దోమలు.
ఆ మూల చిన్న బల్బు గూడ ఆర్పుదాం, అన్న.

"దాన్ని ఉండనియ్యి."

గంత మెల్లగ ఎన్నడు మాట్లాడలే.
ఆ గోరంత వెలుతుర్ల చెప్పిండు:
ఎనభై తొమ్మిదిల, సెకండ్ షిఫ్టుల,
పైకప్పు కూలి
నెత్తి మీది లైట్లు ఒకటెనుక ఒకటి సచ్చిపోతె
ముగ్గురు, నాలుగు గంటలు.
చెయ్యేదో గోడేదో తెలువలేదట.
పక్కోళ్ల ఊపిరి లెక్కపెట్టుకుంట కూసున్నడట.
మూడోవాని సంగతి చెప్పలే.
నేను అడుగలే.

ఇంట్ల తెల్లార్లు బాత్రూం లైటు ఎలిగితె
బిల్లు, బిల్లు అని నేను పెట్టిన లొల్లి
అంతా యాదికొచ్చింది.
విసనకర్ర ఎతుక్కున్న.

నేను లేచెటాలకు
ఇప్పచెట్ల కింద టార్చిలు తిరుగుతున్నయి.
ఈయన ఇంక నిద్రలనే ఉన్నడు.
పలకల మీద రాలిన పువ్వు
ఏరి ఒళ్లె పోసుకున్న.
తూర్పుకు తిప్పి నిలవెట్టిన.
పొద్దు కొమ్మలు దాటినంక
మీటర్ నేనే చదివిన.
పన్నెండు.
పన్నెండు పాయింట్ ఒకటి.
నా నీడ పడకుంట
జరిగి నిలబడ్డ.